రెండో రకం

క్లాక్స్‌విక్ రేవులో ఉప్పుచేపల షెడ్డు మూతబడి పదేళ్లు.
అందులో ముప్పై ఒక్కేళ్లు
ఎండిన కాడ్ చేప వీపు మీద బొటనవేలు ఆనించి
ఒకటి, రెండు, మూడు అని
మూడు కుప్పలుగా విసిరిన చేతులు మార్యున్‌వి.
ఇవాళ ఆ చేతుల ముందు నా లాప్‌టాప్.

ఏడు మోడళ్లు.
ఎవరైనా దించుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు,
పైసా అడగవు.
పేర్లు దాచేశాను.
ఎడమ పక్క ఒక జవాబు, కుడి పక్క ఒకటి.
మేలైనదాన్ని నొక్కడమే అత్తా, అన్నాను.
"ఎవరు చెప్పారో తెలియకుండానే?"
తెలియకుండానే.
"చేప మీద మాత్రం పడవ పేరు ఉండేదా ఏమిటి"
అని కళ్లద్దాలు స్వెట్టర్ అంచుకి తుడుచుకుంది.

మొదటి ప్రశ్న:
గాలి పడమటికి తిరిగితే
గొర్రెల్ని ఏ వాలుకి తోలాలి?
మూడో మోడల్ పేజీన్నర రాసింది,
ఎక్కడా తడుముకోలేదు.
నడుమ ఒక డేనిష్ మాట మాత్రం
మా ఫారో చొక్కా తొడుక్కుని
గుండీలు తప్పు పెట్టుకుని నిలబడింది.
మార్యున్ ముక్కు చిట్లించింది.
"ఇది ఐసులో వచ్చిన సరుకు. ఇక్కడ పట్టింది కాదు."

ఐదోది ఒక్క ముక్క అంది:
నాకు తెలియదు, ఆ కొండ ఎరిగినవాళ్లని అడగండి.
నా లెక్కల పట్టికలో దానికి సున్నా.
ఆమె దాన్ని మొదటి కుప్పలోకి విసిరింది.
వాదించాను.
"పొగమంచులో దారి తెలియనివాడు
ఆగడం కూడా దారేనే, సున్వా."
పట్టిక ఆ మాటకి గడి లేదంది. నేనూ ఊరుకున్నాను.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు.
ఈ కుండలో ప్రతి మెతుకూ
వేరే పొయ్యి మీద ఉడికింది.
లెక్కల్లో పండు, సానుభూతిలో పచ్చి.
రెండోది మరీ విడ్డూరం,
పాత పరీక్షల్లో నూటికి తొంభై,
ప్రశ్నలో ఊరి పేరు మార్చగానే నోట మాట లేదు.
ప్రశ్నపత్రం ముందురాత్రే చూసినవాడు
హాల్లో ఎలా కూర్చుంటాడో
అలా కూర్చుంది.

నాలుగో రోజు సాయంత్రం
ఆమె వేలు ఉన్నట్టుండి ఆగింది.
"నాలుగు దాటాక నేను నొక్కినవన్నీ చూపించు."
చూపించాను. ముప్పై ఎనిమిదింట్లో
ముప్పై ఒకటి ఎడమవే.
"అనుకున్నాను.
షెడ్డులోనూ అంతే, పని దిగే వేళ
చేతికి ఏది దగ్గరైతే అదే రెండో రకం.
ఎన్ని మంచి చేపలకి అన్యాయం చేశానో!
కొట్టేయ్. రేపు పొద్దున్నే మళ్లీ చూస్తాను.
ఈసారి కుడిది ఎడమకీ ఎడమది కుడికీ పెట్టు."

ఆఖరికి బల్ల మీద వరుస తేలింది.
మొదటిది అరవై ఒకటి పాయింట్ నాలుగు.
రెండోది అరవై ఒకటి పాయింట్ రెండు.
ఈ రెంటి మధ్య ఏముందంది మార్యున్.
పాయింట్ రెండు, అన్నాను.
"నా తక్కెడలో అది పళ్లెం మీది తడి."
రెంటినీ ఒకే మెట్టు మీద నిలబెట్టి
కింద ఒక గీత గీశాను.
ఆ గీత గీయడానికి
నాకు రెండేళ్ల చదువు చాల్లేదు.

వెళ్లబోతూ అడిగాను,
అత్తా, మూడో రకం ఎక్కడికి పంపేవారు?
"ఒకటోది ఓడెక్కి స్పెయిన్ వెళ్లేది.
మూడోదా?
మూడోది మేమే తినేవాళ్లం."

ఏడో స్థానంలో ఉన్నది అన్నింటికన్నా చిన్నది.
పగిలిన ఫోన్లోనూ ఇముడుతుంది.
హేరి దాన్ని తన పడవలో పెట్టుకున్నాడు,
దీవుల మధ్య సిగ్నల్ పోయిన చోట
ఇంజన్ నాజిల్ గురించి దాన్ని అడుగుతాడట.
సగం తప్పులే చెబుతుందట.
"ఏ సగమో నాకు తెలుసులే" అన్నాడు.

పట్టికలో అతనికీ గడి లేదు.
అంచున, పెన్సిల్‌తో, పేరు రాసి పెట్టుకున్నాను.